తొలిచిన కొండ, వదిలిన గుండు

ఉప్పల్, నాచారం ప్రాంతంలో రాయికి కొదవ లేదు. నాచారానికి ఉత్తరాన మౌలాలి గుట్ట నున్నని ఏకశిలగా లేచి ఉంటుంది. ఉప్పల్‌కు ఈశాన్యంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో కీసరగుట్ట ఉంది. మూసీ దాటితే నాలుగైదు కిలోమీటర్లలోనే చైతన్యపురిలోని కొసగుండ్ల నరసింహస్వామి గుట్ట వస్తుంది. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆవరణ కూడా ఉప్పల్ రోడ్డు మీదే, ఈ గుండ్ల మధ్యనే ఉంది. ఇంత రాయి, ఇంత పాత జనావాసం ఉన్న ఈ నేల మీద ఉండవల్లిలాంటి గుహాలయం, అంటే కొండను తొలిచి వరుస స్తంభాలూ గర్భగుడులూ తీర్చినది, ఒక్కటీ కనిపించదు. ఎందుకు లేదని అడిగితే ‘గ్రానైటు గట్టిది కదా’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ జవాబులో నిజం ఉంది గాని, సగమే. ఆ సగం జవాబుతో సరిపెట్టుకోవడం వల్ల తెలుగు నేల గుహాలయాల చరిత్ర కృష్ణా తీరానికే పరిమితమైపోయింది, తెలంగాణ గుట్టలు ఆ కథలోకి రాకుండా పోయాయి. గుహాలయ శిల్పుల పనితనాన్ని ఎంత రాయి తీశారన్న లెక్కతో కొలవడం నాకు సమ్మతం కాదు. ఏ రాయిని ఎంతవరకు తీయాలో, ఎక్కడ చేయి ఆపాలో తెలిసిన నేర్పుతో కొలవాలి. అలా కొలిస్తే ఉండవల్లి, కీసరగుట్ట ఒకే వృత్తికి చెందిన రెండు పద్ధతులుగా కనిపిస్తాయి. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది అదే.

ముందు మన దగ్గర ఏమున్నాయో చూద్దాం. తెలుగు నేల మీద కొండను తొలిచే పని హిందూ ఆలయాలతో మొదలు కాలేదు. ఏలూరు జిల్లా కామవరపుకోట దగ్గరి గుంటుపల్లిలో క్రీస్తుపూర్వపు శతాబ్దాల నాటి బౌద్ధ గుహలున్నాయి. అక్కడి గుండ్రటి చైత్యం లోకప్పు చూస్తే చెక్క దూలాలు, వాసాలు రాతిలో దిగినట్టుంటాయి. గుడిసె కప్పు వేయడం తెలిసిన కళ్ళు చెప్పినట్టు ఉలి పట్టిన చేతులు చేశాయన్నమాట. ఆ చైత్యంలోని స్తూపం తర్వాతి కాలంలో ధర్మలింగేశ్వరుడిగా పూజలందుకుంది. అనకాపల్లి దగ్గర శంకరం వద్ద ఉన్న బొజ్జన్నకొండలో గుట్టనే చెక్కి స్తూపాలు తీర్చారు. 1907–08లో అలెగ్జాండర్ రీ అక్కడ తవ్వకాలు జరిపాడు. హిందూ గుహాలయాలు ఈ పునాది మీదే వచ్చాయి. విజయవాడ మొగల్రాజపురంలో, ఇంద్రకీలాద్రి పాదంలో, కృష్ణకు అవతల ఉండవల్లిలో, నల్లమల అంచున చంద్రశేఖరపురం దగ్గరి భైరవకోనలో అవి ఉన్నాయి. ఇంద్రకీలాద్రి గుహలకు అక్కన్న మాదన్నల పేరు స్థిరపడింది. 1686లో హత్యకు గురైన ఆ గోల్కొండ మంత్రుల కన్నా గుహలు చాలా శతాబ్దాలు పాతవి. భైరవకోనలో వరుసగా ఎనిమిది శివాలయాలు తొలిచారు. ఏడు తూర్పు ముఖంగా, ఒకటి ఉత్తర ముఖంగా ఉంటాయి. ద్వారపాలకులను, నందిని అదే రాతిలో తీశారు. పరిమాణంలో ఇవన్నీ చిన్నవే గాని, కొండవాలుతో అవి కుదుర్చుకున్న ఒప్పందం మాత్రం చిన్నది కాదు.

వీటిలో శిల్పి బుర్ర ఎలా పనిచేసిందో ఎక్కువగా చెప్పేది ఉండవల్లి. నాలుగంతస్తుల ఆ గుహను మనం ఒక భవనంగా చూడటానికి అలవాటు పడ్డాం. నిజానికి అది కొండవాలును అనుసరించి మెట్లుగా వెనక్కి జరుగుతూ పోయిన నాలుగు వేరువేరు తొలుపుల వరుస. పై అంతస్తు ముందుభాగం కింది అంతస్తు కప్పు మీద నిలుస్తుంది. ఆ కప్పు మందం ఎంత వదలాలో తప్పితే మొత్తం కూలుతుంది. కట్టడమైతే పగిలిన దూలాన్ని తీసి ఇంకోటి పెట్టవచ్చు. తొలిచిన చోట ఆ వెసులుబాటు లేదు. తీసిన రాయి తిరిగి అతకదు కాబట్టి ప్రతి దెబ్బా ముందే ఆలోచించిన దెబ్బ అయి ఉండాలి. కిందినుంచి మూడో అంతస్తులో శేషతల్పం మీద పడుకున్న అనంతపద్మనాభుడి నిలువెత్తు పొడవును మించిన విగ్రహం ఉంది. దాన్ని చూసినవాళ్ళు సాధారణంగా విగ్రహం గురించే మాట్లాడుకుంటూ కిందికి దిగిపోతారు. వృత్తి తెలుసుకోవాలనుకునేవాళ్ళు మాత్రం పూర్తికాని కింది అంతస్తు దగ్గర ఆగాలి. అక్కడ స్తంభాలకు నునుపు రాలేదు, కొన్నిచోట్ల రాయి ఇంకా మొద్దుగానే నిలిచిపోయింది. పై అంతస్తు కూడా అసంపూర్ణమే. గుహను కప్పు నుంచి నేల వైపు తొలచడం పరంజా అవసరం లేని తేలికైన పద్ధతి అని, పని ఎప్పుడూ పైనుంచే సాగుతుందని పుస్తకాలు చెబుతాయి. ఒక గదికి అది సరిపోతుంది. కిందా పైనా రెండూ అసంపూర్ణంగా, మధ్యవి పూర్తయి ఉన్న ఉండవల్లికి మాత్రం ఆ సూత్రం ఒక్కటే చాలదు. వేరువేరు కాలాల్లో, వేరువేరు దాతల కోసం, వేరువేరు బృందాలు అక్కడ పని చేశాయని అనుకోవడమే సబబు.

కాలం విషయంలోనే పండితుల మధ్య పెద్ద తగాదా ఉంది. ఫ్రెంచి పరిశోధకుడు జువో దుబ్రెయ్ గత శతాబ్దపు రెండో దశకంలో ఒక వాదం తెచ్చాడు. కృష్ణా తీరపు గుహలు తెలుగు నేలను ఏలిన విష్ణుకుండినులవని, పల్లవ మహేంద్రవర్మ వీటిని చూసే తమిళ దేశంలో గుహాలయాలు మొదలుపెట్టాడని ఆయన మాట. 7వ శతాబ్దపు తొలి దశకాల్లో మహేంద్రవర్మ వేయించిన మండగపట్టు శాసనం ఇటుక, కలప, లోహం, సున్నం లేకుండా త్రిమూర్తులకు ఆలయం తీర్చినట్టు గొప్పగా చెప్పుకుంటుంది. ఆ గర్వాన్ని బట్టి ఆ ప్రాంతానికి అది కొత్త పని అని తెలుస్తుంది. కె.ఆర్. శ్రీనివాసన్ వంటి తర్వాతి పరిశోధకులు దీనికి ఒప్పుకోలేదు. విజయవాడ పరిసరాల గుహల స్తంభాలను, శిల్పాలను పోల్చి అవి పల్లవుల తర్వాత తూర్పు చాళుక్యుల కాలంలో వచ్చాయన్నారు. తెలుగు పాఠకుడికి మొదటి వాదం ముద్దుగా ఉంటుంది, అందుకే మన పత్రికల్లో అదే ఎక్కువగా తిరుగుతుంది. కాని ముద్దుగా ఉండటం ఆధారం కాదు. స్తంభం ఆకారాన్ని బట్టి కాలం కట్టే ఈ రెండు వాదాలూ ఒక సంగతి మరచిపోతాయి. గుహలో చివరగా తేలేది స్తంభం ఆకారం. మొదట తెగేది రాతి ముఖం. ఒక తరం మొదలుపెట్టిన గుహకు తర్వాతి తరం కొత్త తరహా స్తంభం తీర్చగలదు. కాబట్టి విష్ణుకుండినుల నాడు ఈ నేల మీద రాయి తొలిచేవాళ్ళు ఒక వృత్తిగా ఉన్నారా అన్న ప్రశ్న ముందు తేలాలి. దానికి జవాబు కృష్ణ ఒడ్డున కన్నా ఉప్పల్ పరిసరాల్లోనే స్పష్టంగా దొరుకుతుంది.

కీసరగుట్ట మీద ఒక గుండుకు ‘తొలుచువాన్డ్రు’ అని చెక్కి ఉంది. లిపిని బట్టి అది సుమారు 5వ శతాబ్దానిదని అంచనా. తెలంగాణలో దొరికిన అతి పాత తెలుగు శాసనాల్లో దాన్ని లెక్కిస్తారు. భాషా చరిత్రకారులు దాని ప్రాచీనతను చూసి సంబరపడ్డారు, అది న్యాయమే. వృత్తి చరిత్ర రాసేవారికి అది ఇంకా పెద్ద ఆధారం. రాజు పేరు లేదు, దానం లేదు, దేవుడి పేరు లేదు. రాయి తొలిచేవాళ్ళు అన్న మాట ఒక్కటే, అదీ బహువచనంలో ఉంది. అంటే ఒక గుంపుగా, తమకో పేరున్న పనివాళ్ళుగా వాళ్ళు ఆ గుట్ట మీద ఉన్నారు. ఆ చోటు తమదని గుర్తు పెట్టుకునే అక్షరజ్ఞానం వాళ్ళకో, వాళ్ళతో ఉన్నవాళ్ళకో ఉంది. ఒకే ఒక్క మాట మీద మేడలు కట్టకూడదన్న హెచ్చరిక సరైనదే. కాని ఆ మాట ఒంటరిగా లేదు. పురావస్తు శాఖ తవ్వకాల్లో అదే గుట్ట దగ్గర కోటగోడ, ఇటుక కట్టడాలు, విష్ణుకుండినుల నాణేలు బయటపడ్డాయి. చైతన్యపురిలో కొసగుండ్ల నరసింహస్వామి గుడి దగ్గరి బండ మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో ఉన్న శాసనం గోవిందరాజ విహారాన్ని పేర్కొంటుంది, భిక్షువుల కోసం ఏర్పరచిన రాతి నివాసం సంగతి చెబుతుంది. హైదరాబాద్ నగరంలో ఇంతకన్నా పాత శాసనం తెలియదు. ఆ గోవిందరాజును విష్ణుకుండి గోవిందవర్మగా గుర్తించారు. రామన్నపేట వైపు తుమ్మలగూడెం, నాటి ఇంద్రపాలనగరం, రాగిరేకులు కూడా అదే గోవిందవర్మ బౌద్ధ విహారానికి చేసిన దానాన్ని చెబుతాయి. మూసీ పొడవునా రాజులు, విహారాలు, రాయి తొలిచేవాళ్ళు ఒకే కాలంలో కనిపిస్తున్నారు. దీనికి తోడు విష్ణుకుండినులకు వాకాటకులతో వియ్యం ఉంది. విక్రమేంద్రవర్మను రెండు వంశాలకూ అలంకారంగా వాళ్ళ శాసనమే వర్ణిస్తుంది. వాకాటక హరిషేణుడి మంత్రి వరాహదేవుడు అజంతాలో 16వ గుహను దానం చేసినవాడు. పెళ్ళి సంబంధంతోనే పనివాళ్ళు వచ్చేశారని నేను అనను. గుహ తొలిపించడం రాజకుటుంబాలకు తెలిసిన పుణ్యకార్యంగా ఉన్న లోకంలో విష్ణుకుండినులు ఉన్నారని మాత్రం అనవచ్చు.

మరి తొలిచేవాళ్ళు ఉండగా కీసరలో ఉండవల్లి ఎందుకు రాలేదు? ఇక్కడ రాయిని దగ్గరగా చూడాలి. హైదరాబాద్ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఎల్లోరా నల్లరాయి దాని ముందు పసిది, 6.6 కోట్ల ఏళ్ళ లావా అది. వయసు కన్నా లోపలి పదార్థం ముఖ్యం. గ్రానైటులో తెల్లగా మెరిసే పలుగురాయి కణాలుంటాయి. ఇనుప ఉలి మొనను తినేసేది అవే. ఎల్లోరా నల్లరాయిలో ఆ బెడద లేదు. గ్రానైటుకు ఇంకో గుణం ఉంది. భూమి లోతుల్లో పుట్టిన ఈ రాయి మీద ఉన్న బరువు కోట్ల ఏళ్ళలో కొట్టుకుపోయేసరికి అది పైకి సడలి, తన ఉపరితలానికి సమాంతరంగా ఉల్లిపాయలా పొరలు పొరలుగా విడుతుంది. మౌలాలి గుట్ట నునుపు అలా వచ్చిందే. ఆ పొరలను నిలువు బీటలు కోస్తే దిమ్మెలు ఏర్పడతాయి. దిమ్మెల అంచులు అరిగి గుండ్లవుతాయి. గుండు మీద గుండు ఆనుకున్నచోట కింద గూడు ఏర్పడుతుంది. ఈ రాయి పక్కకు తొలవబోతే మొరాయిస్తుంది, పొర వెంట లేపితే సులువుగా లేస్తుంది. దక్కను అంతటా రాయి కొట్టే వడ్డెరలకు ఈ రహస్యం తెలుసు. బండ మీద కట్టెలు పేర్చి మంట పెట్టి, ఆ మంటను మెల్లగా ముందుకు జరుపుతూ, సుత్తితో తట్టి చప్పుడు వింటారు. గట్టిగా పలికినంతసేపు పొర అంటుకునే ఉన్నట్టు, డొల్లగా పలికితే విడిపోయినట్టు. ఆ తర్వాత వరుసగా గుంటలు కొట్టి ఇనుప చీలలు దిగ్గొడితే కావలసిన కొలతకు పలక చీలి వస్తుంది. ఇంత తక్కువ శ్రమతో పలకలు, స్తంభాలు ఇచ్చే రాయి ఉన్నచోట, లోపలికి తొలిచి ప్రతి అంగుళాన్నీ పిండి చేయడం ఎవరికైనా తెలివైన పని అనిపిస్తుందా?

కొలిమి సంగతి చెప్పకుండా ఉలి గురించి మాట్లాడకూడదు. గ్రానైటు మీద ఉలి మొన కొద్దిసేపటికే మొద్దుబారుతుంది. దాన్ని కొలిమిలో ఎర్రగా కాల్చి, దాగలి మీద సాగదీసి, నీళ్ళలో ముంచి పదును పెట్టాలి. నీళ్ళలో ఎక్కువసేపు ఉంచితే పెళుసై విరుగుతుంది, తక్కువైతే వంగుతుంది. కాబట్టి రాయి తొలిచే ప్రతి గుంపు వెంటా కమ్మరి ఉండి తీరాలి. ఎంతమంది ఉలి పట్టారన్నదాన్ని మించి, ఎన్ని కొలుములు మండాయన్నదే పని వేగాన్ని తేల్చేది. మహాబలిపురం దగ్గరి పూంజేరిలో పల్లవ కాలపు శిల్పుల పేర్లు బండ మీద చెక్కి ఉన్నాయి. ఆ పేర్లలో కమ్మరిని సూచించే ‘కొల్లన్’ అన్న మాటతో ఒకటి ఉండటం యాదృచ్ఛికం కాదు. శిల్పి పక్కన కమ్మరి సమాన గౌరవంతో నిలబడ్డాడు. తెలంగాణలో ఇనుము కొత్తది కాదు. మౌలాలి ప్రాంతంలోనే ఇనుపయుగపు రాతి సమాధులు బయటపడ్డాయి. గ్రానైటు పలకలను లేపి గూడులా అమర్చడం ఆ సమాధులు కట్టినవాళ్ళకు తెలుసు. అంటే కీసరలో పేరు చెక్కుకున్నవాళ్ళ వెనక వెయ్యేళ్ళ రాతి అనుభవం, ఇనుము అనుభవం ఉన్నాయి. కృష్ణా తీరపు పనివాళ్ళ కన్నా వీళ్ళు ఏ రకంగానూ తక్కువవారు కారు.

ఇక్కడ బలమైన ఆక్షేపణ ఒకటి ఎదురవుతుంది. గ్రానైటులో గుహలు లేకపోతే కదా ఈ వాదం నిలబడేది! బీహార్‌లోని బరాబర్ గుహలు గ్రానైటులోనే ఉన్నాయి, క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అశోకుడి కాలంలోనే తొలిచారు, లోపలి గోడలు అద్దంలా నునుపు దేరి ఉన్నాయి. మహాబలిపురం మండపాలూ గట్టి రాతిలోనే తీశారు. గ్రానైటు అడ్డు కాదని ఇవి రుజువు చేస్తున్నాయి కదా? నిజమే, అడ్డు కాదు. అందుకే గట్టిదనం మీద వాదం నిలబెట్టడం తప్పని మొదటే అన్నాను. అసాధ్యమా సాధ్యమా అన్నది ప్రశ్న కాదు, ఖర్చు భరించేదెవరన్నది ప్రశ్న. బరాబర్ వెనక మౌర్య సామ్రాజ్యపు ఖజానా ఉంది. అయినా లోమశ ఋషి గుహ లోపల పూర్తి కాలేదు. మహాబలిపురం వెనక పల్లవుల రేవు పట్టణపు సంపద, తరాలుగా సాగిన రాజాశ్రయం ఉన్నాయి. అయినా అక్కడ సగంలో ఆగిన గుహలు ఎన్నో. సగంలో ఆగడం ఓటమి అని నేను అనడం లేదు. ఆ రాతిలో తొలవాలంటే ఒక రాజవంశం దృష్టి పెట్టి నిలబడాలని, ఆ దృష్టి మళ్ళగానే పని ఆగిపోతుందని అవి చెబుతున్నాయి. మూసీ లోయ నుంచి విష్ణుకుండినుల అధికారం కృష్ణా డెల్టా వైపు జరిగింది. డబ్బు అటు పోయింది, పుణ్యకార్యాలు కూడా అటే పోయాయి. కృష్ణా తీరంలో పాత బౌద్ధ గుహల అలవాటు కూడా తోడయింది. ఖమ్మం, నల్లగొండ నుంచి మూసీ దాకా స్తూపాలు, విహారాలు ఉన్నా, అవి ఎక్కువగా ఇటుకవి, పలకలవి.

అయితే తెలంగాణ గుట్టల మీద ఏమీ చేయలేదనుకుంటే మళ్ళీ పొరపాటే. రాయి ఇచ్చిన గూడును వాళ్ళు వాడుకున్నారు. ఉప్పల్ చౌరస్తా నుంచి వరంగల్ దారి పడితే వచ్చే యాదగిరిగుట్ట నరసింహుడు గుహలోనే వెలిశాడు. 2022 మార్చిలో తిరిగి తెరిచిన కొత్త ఆలయానికి కృష్ణశిల తెచ్చి గోపురాలు, ప్రాకారాలు ఎంత ఘనంగా కట్టినా మూలవిరాట్టు ఉన్న గుహను కదిలించలేదు. కొసగుండ్ల నరసింహుడూ గుండ్ల మధ్యనే ఉన్నాడు. గుహ లోపలికి తొలవడం మానేసి, గుహ ముందు కట్టడం వీళ్ళ పద్ధతి. ఇంకో పద్ధతి రాతి ముఖం మీద బొమ్మ తీయడం. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు సుమారు 945లో జైన మూర్తులను నిలువు బండ మీద చెక్కించి, సంస్కృతం, కన్నడం, తెలుగులో శాసనం వేయించాడు. తెలుగు కంద పద్యాలు రాతి మీదికెక్కిన తొలి చోట్లలో అదొకటి. హనుమకొండ పద్మాక్షి గుట్ట మీద 1117 నాటి శాసనంతో ఉన్న కడలాలయ బసది కూడా గుండును ఆనుకున్న గుడే, అక్కడా మూర్తులను కొండరాతి మీదే తేల్చారు. ఈ చోట్లన్నిటా ఒకే ఆలోచన కనిపిస్తుంది. గ్రానైటు ఉపరితలం గట్టిగా, సమంగా, ఎండావానలకు చెక్కుచెదరకుండా ఉంటుంది. లోపలికి పోవడం కష్టం, పైన పని నిలుస్తుంది. కాబట్టి లోతు వదిలి ముఖం పట్టుకున్నారు. ఉండవల్లి శిల్పి కొండవాలును చదివి అంతస్తులు వెనక్కి జరిపిన తెలివి, జినవల్లభుడి శిల్పి నిలువు బండను ఎంచుకున్న తెలివి వేరుకావు.

సహజమైన గూటిలో విగ్రహం పెట్టడాన్ని శిల్పకళ అనవచ్చా, ఇది లేమిని గొప్పగా చూపించే ప్రయత్నం కాదా అని అడిగేవారుంటారు. అడగవలసిన ప్రశ్నే. బైరాగి ఎవరో గుండు కింద రాయి నిలబెట్టి పసుపు కుంకుమ పెట్టినంత మాత్రాన దాన్ని శిల్పుల ఖాతాలో వేయలేం. కాని గూడును నివాసయోగ్యం చేయడంలో పని ఉంది. తమిళ దేశంలో జైన మునుల రాతిపడకలున్న గుహల నొసటి మీద ఒక సన్నని గాడి చెక్కి ఉంటుంది. వాననీరు ఆ గాడి దగ్గరే తెగి బయట పడుతుంది, లోపలికి జారదు. చూపుకు ఏమీ కానిది, గుహను గదిగా మార్చేది ఆ గాడే. నేల చదును చేయడం, మెట్లు కొట్టడం, దొన తీర్చడం అలాంటివే. చైతన్యపురి శాసనం ఒక నివాసం ఏర్పరచడాన్ని పుణ్యంగా లెక్కవేసి రాయి మీద రాసుకుందంటే, ఆనాటివాళ్ళ దృష్టిలో అది పనే. ఇక నైపుణ్యం విషయంలో అనుమానం ఉన్నవారికి కాకతీయులు జవాబు చెబుతారు. 1163లో వేయిస్తంభాల గుడి, 1213లో రామప్ప వచ్చాయి. తెలంగాణ రాతినే తెచ్చి, స్తంభం మీద గాజులంత సన్నని పట్టీలు తీసి, వేలి గోరు పట్టేంత సందులు వదిలి చెక్కారు. నేర్పుకు ఏ లోటూ లేదు. ఆలయ నిర్మాణానికి పెద్ద రాజాశ్రయం తెలంగాణకు వచ్చేనాటికి దేశమంతటా గుహల కాలం ముగిసి, కట్టడాల కాలం నడుస్తోంది. విష్ణుకుండినుల నాడు పనివాళ్ళు ఉన్నారు, నిలకడగా డబ్బు లేదు. కాకతీయుల నాడు డబ్బూ పనివాళ్ళూ ఉన్నారు, గుహ తొలవాలన్న కోరిక లేదు. ఈ ఎడం వల్లే ఉప్పల్ పరిసరాల్లో గుహాలయం రాలేదని నా అభిప్రాయం. రాయి గట్టిదనం ఈ కథలో ఒక పాత్ర మాత్రమే.

ఇంకో మాట ఈ మధ్య విపరీతంగా వ్యాపిస్తోంది. ఎల్లోరా కైలాసం లాంటిది ఉలీ సుత్తీ పట్టుకుని చేయడం మనుషుల వల్ల కాదు, ఏదో మాయమైపోయిన యంత్రమో రసాయనమో ఉండి ఉంటుందని అంటారు. రాష్ట్రకూట కృష్ణుడి కాలంలో, 8వ శతాబ్దంలో, కొండ నెత్తి నుంచి మూడు వైపులా కందకం తవ్వి మధ్యలో మిగిలిన దిమ్మెను గుడిగా తీర్చారు. లక్షల టన్నుల రాయి తీశారు కాబట్టి ఆశ్చర్యం కలగడం సహజం. కాని ఆ ఆశ్చర్యానికి జవాబు ఆగిపోయిన పనుల్లోనే ఉంది. మహాబలిపురంలో సగంలో వదిలిన గుహల గోడ మీద చదరాలు కనిపిస్తాయి. ముందు నిలువు, అడ్డ గాళ్ళు లోతుగా కొట్టి, మధ్యలో మిగిలిన చదరపు దిమ్మెలను ఒక్కొక్కటిగా పగలగొట్టి తీశారు. ఆ తర్వాత మళ్ళీ గాళ్ళు, మళ్ళీ దిమ్మెలు. యంత్రం చేసిన పని అయితే ఈ చదరాలు ఎందుకు మిగులుతాయి? ఉండవల్లి కింది అంతస్తు మొద్దు స్తంభాలు ఎందుకు మిగులుతాయి? మాయా యంత్రం వాదం వినడానికి మన పూర్వీకుల్ని పొగిడినట్టుంటుంది, నిజానికి వాళ్ళ పనిని వాళ్ళ చేతుల్లోంచి లాగేసుకుంటుంది. కీసర గుండు మీద తమ గురించి తామే ఒక్క మాట రాసుకున్నవాళ్ళకు, ఈనాటికీ బండ మీద మంట పెట్టి పొర చప్పుడు వినగలిగే వడ్డెరలకు, ఆళ్ళగడ్డ వంటి చోట్ల విగ్రహాలు తీర్చుతున్న శిల్పులకు అది చేసే అన్యాయం చిన్నది కాదు. ఈ విషయంలో మధ్యేమార్గం ఉందని నేను అనుకోను.

ఇప్పుడు చేయవలసిన పని ఏమిటంటే, గుళ్ళను, విగ్రహాలను లెక్కించినట్టే ఉలిగుర్తులనూ లెక్కించాలి. నగరం తూర్పుకు పెరిగే కొద్దీ గుండ్లు పగిలి కంకరగా, పునాదిరాయిగా మారుతున్నాయి. 1996లో ఏర్పడిన సొసైటీ టు సేవ్ రాక్స్ వంటి సంస్థలు గుండ్ల అందం, వయసు కోసం పోరాడాయి. మౌలాలి దగ్గరి సెంటినెల్ రాక్ నాటి హుడా రక్షిత శిలల జాబితాలోకి ఎక్కింది. కాని ఆ జాబితాలు శిలను ప్రకృతిగా మాత్రమే చూశాయి. అదే గుండు మీద చీలలు దిగ్గొట్టిన గుంటల వరుస, మంట పెట్టిన మచ్చ, గుహ నొసట గాడి, ఒక్క మాట శాసనం ఉంటే అది వృత్తి చరిత్రకు పత్రం కూడా. చీల గుంటల లోతు, వెడల్పు, ఎడం కాలాన్ని బట్టి మారతాయి. కీసరగుట్ట గుండ్ల మీది గుంటలను, ఉండవల్లి కింది అంతస్తు మీది ఉలిదెబ్బలను, భైరవకోన ద్వారపాలకుల వెనక నునుపు చేయకుండా వదిలేసిన రాతిని ఒకే కొలతతో, ఒకే వెలుతురులో ఫొటోలు తీసి పక్కపక్కన పెడితే, స్తంభాల ఆకారం మీద వందేళ్ళుగా సాగుతున్న విష్ణుకుండినులా చాళుక్యులా అన్న తగాదాకు కొత్త సాక్ష్యం దొరుకుతుంది. రాతి భౌతిక గుణాలు కొలిచే పరికరాలు, మనుషులు ఉప్పల్ రోడ్డు మీద ఉన్నారు. రాయి చప్పుడు విని పొర చెప్పగలవాళ్ళు ఘట్‌కేసర్, కీసర చుట్టూ వడ్డెర బస్తీల్లో ఉన్నారు. కొలిచేవాళ్ళు, కొట్టేవాళ్ళు కలిసి ఒక గుట్ట మీద పని మొదలుపెట్టాలంటే అందుకు కీసరగుట్ట కన్నా మంచి చోటు లేదు. తొలిచేవాళ్ళు తమ పేరు రాసి పెట్టిపోయిన గుండు అక్కడే ఉంది, దాని చుట్టూ ఉన్న గుండ్లలో చాలావాటి మీద ఏముందో ఎవరూ వరుసగా చూసి రాసిపెట్టలేదు.